నిటారుగా నిలిపిన గుండె

మెట్టుగూడ, సికింద్రాబాద్
15 సెప్టెంబర్ 2024, ఆదివారం

చెల్లె వసుధకు,

నువ్వు బాగానే ఉన్నావని తెలుసు కాబట్టి ఆ మాట అడగను. ప్రతి ఆదివారం సాయంత్రం నా మనవరాలు కల్పలత కాజీపేట నుంచి రైలు దిగి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే హనుమకొండ వార్తలు మొదలుపెడుతుంది. నీ మోకాలు నొప్పి తగ్గిందట. నీ పెరట్లో నిమ్మచెట్టు విరగగాసిందట. నువ్వు చేసిన మెంతికూర పప్పుతో రెండోసారి అన్నం పెట్టించుకుందట. ఇక్కడ నేను చేసిన పప్పు గిన్నెలోనే ఉంటుంది.

ఫోన్ చేయమని కబురు పంపావు. చేయను. నలభై ఏళ్లు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కూర్చుని గీతలు గీసినవాణ్ణి, నా చెవులు ఆ సుత్తుల చప్పుడులోనే పోయాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్‌లో ఇవాళ అన్న మాట రేపు అనలేదంటావు. మన ఇంటి తగాదాలేవీ ఇంతవరకు తేలకపోవడానికి కారణం అవి రాతలో లేకపోవడమే. ఉత్తరం రాయి, తేదీ వేయి.

ఇక విషయం. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఇంజనీరింగ్ చదివి రెండేళ్లు మంచి ఉద్యోగం చేసి, జూన్‌లో మానేసి వచ్చి డాక్టర్ చదువుతానంది. నేను అడ్డు చెప్పలేదు. మీ వదిన స్వర్ణలతను పదకొండు నెలలు డయాలిసిస్‌కు రైల్వే ఆసుపత్రికి తిప్పింది అదే. అది అడిగే ప్రశ్నలు విని అక్కడి డాక్టరమ్మ ఒకరోజు, "నువ్వు తప్పు గ్రూప్ తీసుకున్నావమ్మా" అందట. స్వర్ణలత పోయింది, ఆ మాట పిల్ల మనసులో మిగిలింది. ఇంటర్‌లో దానిది ఎంపీసీ. వైద్య ప్రవేశ పరీక్ష రాయాలంటే బయాలజీ కూడా ఉండాలి. ఎంపీసీ చదివినవాళ్లు బయాలజీ ఒక్కటీ అదనంగా రాసుకోవచ్చు కాబట్టి, మార్చిలో ఇంటర్ పిల్లలతో కూర్చుని బోటనీ, జువాలజీ రాస్తుంది. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్. రికార్డు నిండా బొమ్మలు గీసి లెక్చరర్ సంతకం పెట్టించుకోకపోతే ప్రాక్టికల్స్‌కు రానివ్వరు, ప్రాక్టికల్స్ లేకపోతే బయాలజీ లేదు, బయాలజీ లేకపోతే డాక్టరీ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. నీకొక్కదానికే తెలిసినట్టు ప్రతి శనివారం అది నీ దగ్గరికి పరుగెత్తడం దేనికి?

నువ్వు జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యావు, ఒప్పుకుంటాను. కానీ నీ ఇంటర్ జువాలజీ రికార్డులో నలభై బొమ్మలు గీసింది ఎవరు? 1972లో, డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరిన కొత్తలో, ఆఫీసు నుంచి వచ్చి టీ కూడా తాగకుండా గీశాను. ఆ రికార్డు చూపించి నువ్వు ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నావు. దాని మీద డిగ్రీ, డిగ్రీ మీద ఉద్యోగం, ఉద్యోగం మీద హనుమకొండ ఇల్లు, నిమ్మచెట్టు. ఈ సంగతి కల్పలతకు ఎప్పుడైనా చెప్పావా?

దాని రికార్డు బొమ్మలు నేను చూసుకుంటాను. నువ్వు పాఠాలు చెప్పుకో.

నీ అన్న,
పర్వతాలు
చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ (రిటైర్డ్)


హనుమకొండ
23 సెప్టెంబర్ 2024

అన్నకు నమస్కారాలు.

తేదీ వేశాను, చూసుకో.

సొంత చెల్లెలికి రాసే ఉత్తరం కింద హోదా రాసుకునే మనిషివి నువ్వొక్కడివే ఉంటావు. నేను కూడా వైస్ ప్రిన్సిపాల్ అని రాసుకోవాలా? చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

పిల్ల వస్తున్నది పప్పు కోసం కాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ దానికి వచ్చు, దుమ్ము దులిపితే చాలు. బయాలజీ పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మొదటి వారం పుస్తకం చూసి, "అమ్మమ్మా, గింత బట్టీ ఎట్ల పడుతరు?" అని తల పట్టుకుంది. బట్టీ వద్దన్నాను. చౌరస్తా దగ్గర కటిక దుకాణం నుంచి మేక గుండె తెప్పించి, స్టీలు పళ్లెంలో పెట్టి కోసి చూపించాను. వేలు లోపల పెట్టి కవాటం కదిలించి చూసింది. పది నిమిషాలు మాట్లాడలేదు. మా కాలేజీలో ముప్పై ఏళ్లలో అట్లా మాట్లాడకుండా చూసిన పిల్లలు నలుగురైదుగురు ఉంటారేమో.

దాని గీత వణుకుతుంది. వణకనీ. బొమ్మ గీసేది అందంగా ఉండడానికి కాదు, గీసినప్పుడే కన్ను పని చేస్తుంది కాబట్టి. రికార్డు అదే గీయాలి అన్నా. నువ్వు చెయ్యి పెట్టకు. నా రికార్డు సంగతి ఇప్పుడు వద్దు, దాన్ని అక్కడే ఉండనీ.

లాలాగూడ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ ఇంకా తెరుస్తున్నారా? నువ్వు అక్కడి నుంచి తెచ్చిచ్చిన రెండు రష్యన్ అనువాదాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. తిరిగి ఇద్దామంటే నీ చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ పేరు మీద జరిమానా వేస్తారని భయం.

కల్పలతతో నిమ్మకాయలు పంపుతున్నాను. వదిన పద్ధతిలో మెంతిపిండి తక్కువ వేసి ఊరగాయ పెట్టుకో.

నీ చెల్లె,
వసుధ


మెట్టుగూడ
6 అక్టోబర్ 2024

వసుధకు,

"నా రికార్డు సంగతి ఇప్పుడు వద్దు" అని రాశావు. చేసిన మేలు గుర్తు చేస్తే ఎవరైనా ఆ మాటే అంటారు. సరే, వద్దన్న సంగతులన్నీ ఇవాళే రాస్తాను.

ముందు పేరు. అమ్మ శ్రీశైలం మొక్కు తీర్చుకుని నాకు పర్వతాలని పెట్టింది. బడిలో హెడ్‌మాస్టర్ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఐదేళ్లకు నీ చెయ్యి పట్టుకుని అమ్మ మళ్లీ వెళితే, "బాలమ్మా, ఇంత చురుకైన పిల్లకు మల్లమ్మ ఏమిటి?" అని నిన్ను వసుధను చేశాడు. నాకు ఆ మాట గుమ్మం బయటికి వినిపించింది. అప్పటికి నా చెవులు బాగానే ఉండేవి.

తర్వాత పుస్తకం. 1967లో పీయూసీలో నాది బైపీసీ. నాయన పోయిన నెలకు చదువు ఆపి వర్క్‌షాపులో చేరాను. నా జువాలజీ పుస్తకం నీకు వచ్చింది. మొదటి పేజీలో నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకున్నావు. కింద జానెడు ఖాళీ ఉంది. కొట్టేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇక ఆ ఐదు రోజులు. రికార్డు గీసి నీ చేతిలో పెట్టాక, ప్రాక్టికల్స్ ముందు ఐదు రోజులు నువ్వు దీపాలు పెట్టేదాకా ఇంటికి రాలేదు. చిలకలగూడలో నీ స్నేహితురాలు దేవకృప ఇంట్లో చదువుకుంటున్నానన్నావు. దేవకృప అన్న పాల్ అప్పుడే కొత్త మోటార్ సైకిల్ కొన్నాడు. నాయన లేని ఇంట్లో నేను ఏమనుకోవాలి? అడిగాను. నువ్వు జవాబు చెప్పలేదు. యాభై రెండేళ్లయింది, ఇంకా చెప్పలేదు.

నీ మేక గుండె కథ కల్పలత నోటి నుంచి మూడుసార్లు విన్నాను. నేను ఫిజిక్స్ చెప్పబోతే, "తాతా, ఇప్పుడు గిట్ల చెప్తలేరు, జెర ఆగు" అంటుంది. నీ పేరు ఎత్తగానే, "అమ్మమ్మ ఒక్కసారి చెప్తే మంచిగ అర్థమైతది." తాత చెల్లెలు వరసకు అమ్మమ్మే, నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో దాన్ని ఎత్తుకుని తిప్పింది, సైకిల్ నేర్పింది, చలిజ్వరం వస్తే వీపుకు కాపడం పెట్టింది నేను. నా కొడుకు వేణుమాధవ్ కూడా దాని కోసం ఇంత చేయలేదు. ఎక్కాలు కూడా నా దగ్గరే నేర్చుకుంది. అప్పుడు నీ హనుమకొండ ఎక్కడుంది?

నేను ఓర్వలేకపోతున్నానని రాస్తావు. రాయి. ఓర్వలేనివాడు తన పుస్తకం ఇస్తాడా?

నిమ్మకాయలు అందాయి. సగం మెత్తబడ్డాయి.

పర్వతాలు
చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ (రిటైర్డ్)


హనుమకొండ
19 అక్టోబర్ 2024

అన్నకు,

పేరు నేను అడిగి పెట్టించుకోలేదు. నాకప్పుడు ఐదేళ్లు. పుస్తకం మీద నీ పేరు కొట్టేసిన మాట నిజం. పదహారేళ్ల పిల్ల చేసిన పని, తప్పే. ఆ ఐదు రోజుల సంగతికి జవాబుంది. రాయను.

నువ్వు మూడు అడిగావు కాబట్టి నేను ఒకటి అడుగుతాను.

2016లో పదో తరగతి సెలవుల్లో కల్పలత నా దగ్గర నెల రోజులుంది. ఉల్లిపొర మైక్రోస్కోపు కింద పెట్టి గంటల తరబడి చూసేది. బైపీసీ తీసుకుంటానని నాకు మాటిచ్చి రైలెక్కింది. పది రోజుల తర్వాత ఎంపీసీలో చేరింది. ఆ ఫారం నింపింది ఎవరు? వేణుమాధవ్ ఆ వారం డ్యూటీ మీద నాగపూర్‌లో ఉన్నాడు. ఆ ఫారం నకలు తర్వాత నేను చూశాను. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి, నిలువు గీతలన్నీ ఒకే కొలతలో నిటారుగా ఉన్నాయి. అట్లా రాసేవాళ్లు మన వంశంలో ఒక్కరే.

ఎనిమిదేళ్లు పోయాయి. ఇప్పుడా పిల్ల పదహారేళ్ల వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని మొదటి నుంచి నేర్చుకుంటున్నది. ఎవరి మీద కోపంతో నువ్వు ఆ ఫారం నింపావో నాకు తెలుసు. దానికి చెప్పలేదు, చెప్పను. రికార్డు జోలికి మాత్రం రాకు. ఇది రెండోసారి చెప్పడం, రెండుసార్లూ రాతలోనే ఉంది.

బతుకమ్మకు తంగేడు దొరకలేదు ఈసారి. బంతిపూలతో కానిచ్చాం.

వసుధ


మెట్టుగూడ
5 జనవరి 2025

చెల్లె వసుధకు,

నీ అక్టోబర్ ఉత్తరానికి జవాబు రాయలేదు, రాయాలనిపించలేదు. ఇవాళ మంచి మాట ఉంది కాబట్టి రాస్తున్నాను.

నవంబర్‌లో కల్పలతకు డెంగీ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్న సంగతి నీకు తెలుసు, రోజూ వేణుమాధవ్‌కు ఫోన్ చేశావట. తర్వాత నెల రోజులు మెట్లెక్కితే ఆయాసం. రైలు ప్రయాణాలు బంద్. అంటే హనుమకొండ కూడా బంద్. ఈ నెల రోజులు అది నా ఎదురుగా ఉంది, నేను చేసిన పప్పే తిన్నది. చెబుతున్నానంతే.

జనవరి మొదట్లో రికార్డు ఇవ్వాలి. దాని చిత్తు పుస్తకం చూశాను. గీతలు చీమలు పాకినట్టున్నాయి. కొత్త రికార్డు పుస్తకం తెల్లగా పడి ఉంది. నా డ్రాయింగ్ బోర్డు అటక మీంచి దించాను. టీ-స్క్వేర్ బద్ద తుడిచాను. పదిహేడేళ్లయింది వసుధా, 2హెచ్ పెన్సిల్ పట్టుకుని. మొదటి రెండు రోజులు వేళ్లు మాట వినలేదు, మూడో రోజు విన్నాయి. అది మంచం మీద పడుకుని ఫిజిక్స్ చదువుకుంటుంటే ముందు గదిలో నలభై ఆరు బొమ్మలు పూర్తి చేశాను. భాగాల పేర్లు కూడా నేనే రాశాను. రబ్బరు వాడింది మూడే మూడు చోట్ల.

ఆ పాఠ్యపుస్తకం ఎవరు గీశారోగాని అంత అడ్డదిడ్డమైన పని నేను చూడలేదు. గుండె ఒక పక్కకు వాలి ఉంది. ఎడమకు కొంచెం వాలుతుందని నాకూ తెలుసు, కానీ డ్రాయింగ్‌లో వస్తువును నిలబెట్టి చూపించాలి, అది పద్ధతి. సెంటర్ లైన్ గీసి నిటారుగా నిలిపాను. కింది రెండు గదుల్లో ఒకదాని గోడ ఇంత మందం, ఇంకోదాని గోడ పలుచన. మా ఆఫీసులో అట్లాంటి డ్రాయింగ్ ఇస్తే ముఖాన కొట్టేవాళ్లు. రెండు గోడలూ సమం చేశాను. కిడ్నీలు ఒకటి పైకి, ఒకటి కిందికి వేశాడు మహానుభావుడు. రెండూ ఒకే లెవెల్‌కు తెచ్చాను. ప్రతి పేజీ కుడి మూల చిన్న డబ్బా గీసి స్కేలు కూడా రాశాను.

మొన్న దానికి చూపించాను. "తాతా, గివన్నీ నువ్వే గీసినవా?" అంది. పేజీలు తిప్పుతూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ మేక గుండె ముందు పది నిమిషాలు మాట్లాడలేదన్నావు కదా, నా గుండె ముందు ఇరవై నిమిషాలు మాట్లాడలేదు.

"ఇస్తలే తాతా, నేనే సార్‌కు ఇస్తా, జెర ఆగు" అంది. నీరసంగా ఉన్న పిల్లను పంపడం ఎందుకని, మర్నాడు అది నిద్ర లేవకముందే ఆటోలో కాలేజీకి వెళ్లి ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు చీటీ రాయించుకుని వచ్చాను. చీటీ నా దగ్గర భద్రంగా ఉంది.

నీ అన్న,
పర్వతాలు
చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ (రిటైర్డ్)


హనుమకొండ
27 జనవరి 2025

అన్నా,

కల్పలత నాలుగు రోజులుగా నా దగ్గరే ఉంది. మీ ఇంట్లో చదువుకు ఏకాంతం చాలడం లేదని నీతో చెప్పి వచ్చిందట. అసలు సంగతి నేను చెబుతున్నాను.

ఆ రికార్డు మీద జువాలజీ లెక్చరర్ దేవానందం గారు సంతకం పెట్టలేదు. పుస్తకం తెరిచి, "ఇది గుండెనా తల్లీ, రైలింజనా?" అన్నాడట. తర్వాత బోర్డు మీద గుండె గీయమన్నాడు. అది గీసిన గుండె వాలి ఉంది, ఒక గోడ మందంగా ఉంది, అంటే సరిగ్గా ఉంది. రికార్డులో ఉన్నది ఆ చేతిది కాదని తేలిపోయింది. ఫిబ్రవరి ఆరులోగా తన చేత్తో గీసిన రికార్డు తేకపోతే ప్రాక్టికల్స్‌కు పేరు పంపనన్నాడు. ఆ రోజు దాని కళ్లలో నువ్వు చూసిన నీళ్లు సంతోషంతో వచ్చినవి కావు. నీకెట్లా చెప్పాలో తెలియక వచ్చినవి. ఆ పుస్తకం ఇవ్వకుండా దాచేసి మళ్లీ గీసుకుందామనుకుంది. నువ్వు పొద్దున్నే తీసుకుపోయి ఇచ్చేశావు.

గుండె ఎడమ గది ఒళ్లంతటికీ రక్తం తోయాలి, కుడి గది పక్కనున్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు. ఊరంతటికీ నీళ్లు తోడే మోటరూ ఇంటికి తోడే మోటరూ ఒకే సైజువి పెడతారా? కుడి కిడ్నీ మీద కాలేయం కూర్చుంది కాబట్టి అది కొంచెం కిందికి ఉంటుంది. రెండు పక్కలా సమానంగా ఉంటేనే న్యాయమని నువ్వు చిన్నప్పటి నుంచీ అనుకుంటావు. ఒళ్లు అట్లా కట్టి లేదు అన్నా.

రాయనన్న జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

1972లో నువ్వు గీసిన రికార్డు కూడా తిప్పికొట్టారు. మా మేడం ట్రేలో కప్పను పెట్టి, పక్కన నీ బొమ్మ పెట్టి, "ఈ రెండింటిలో ఏది అబద్ధం?" అని అడిగింది. కప్ప పొట్టలో జీర్ణాశయం ఎడమ పక్కన ఉంటుంది. నువ్వు సరిగ్గా నడుమ నిలబెట్టావు. ఐదు రోజులు గడువిచ్చింది. ఆ ఐదు రోజులు నేను దేవకృప ఇంట్లో, వాళ్లమ్మ వంటింటి పీట మీద కూర్చుని నలభై బొమ్మలూ మళ్లీ గీశాను. పాల్ ముఖం కూడా చూడలేదు. ఐదో రోజు ఇంటికొస్తే నువ్వు గుమ్మంలో నిలబడి, అమ్మ ముందర, "ఎవనితోని తిరిగొస్తున్నవే?" అన్నావు. కొత్త రికార్డు నా సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది.

చూపించలేదు. ఎందుకంటే నీ రికార్డు నా చేతిలో పెట్టిన రోజు నువ్వు నవ్వావు. నాయన పోయాక నువ్వు నవ్వగా చూడడం అదే మొదటిసారి. దాన్ని పాడు చేయడం కంటే మాట పడడమే తేలికనిపించింది. తర్వాత ప్రతి పండక్కీ నువ్వు ఆ రికార్డు పేరెత్తినప్పుడల్లా తేలిక తగ్గుతూ వచ్చింది.

నీ నలభై పేజీలు పారేయలేదు. నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఒకటి దీనితో పంపుతున్నాను.

రావద్దు. ఆ పిల్ల అనలేదు, నేనే అంటున్నాను.

వసుధ


మెట్టుగూడ
1 ఫిబ్రవరి 2025

వసుధా,

నీ ఉత్తరం నమ్మలేదు. నా మీద కక్షతో కల్పించావనుకుని నిన్న కాలేజీకి వెళ్లాను. దేవానందం నలభై ఏళ్లవాడు, కుర్చీ వేయించాడు. పోట్లాడ్డానికి వెళ్లినవాడికి కుర్చీ వేస్తే సగం బలం పోతుంది.

"సార్, రైల్వేల పనిచేసిన్రా?" అన్నాడు. "రికార్డు చూడంగనే అనుకున్న. మా నాయన సుత లాలాగూడ షాపే. గింత సాఫ్ గీత నేను ఎన్నడు చూడలె."

"మరి సంతకం ఎందుకు పెట్టలేదు?"

"పెద్దాయనా, గీ గుండె ఎవ్వనికన్న పెడితే వాడు బతుకుతడా?"

లోపలి నుంచి గాజు జాడీ తెచ్చి నా ముందు పెట్టాడు. నిజమైన గుండె. మందు నీళ్లలో తేలుతూ ఒక పక్కకు ఒరిగి ఉంది. "గీసి చూపియ్యుండ్రి" అని పెన్సిల్ చేతికిచ్చాడు. సెంటర్ లైన్ గీశాను. ఆ గీతకు అటూ ఇటూ ఏం పెట్టాలో తెలియలేదు. పావుగంట కూర్చుని లేచి వచ్చాను.

నువ్వు పంపిన కప్ప నా బల్ల మీద ఉంది. గీతల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే చూస్తున్నాను.

పిల్లకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే దానికే చెబుతాను, నీ ద్వారా కాదు.

పర్వతాలు


హనుమకొండ
3 ఫిబ్రవరి 2025

అన్నా,

పిల్ల రేపు పొద్దున రైలుకు వస్తున్నది. నలభై ఐదు బొమ్మలు అయ్యాయి. ఒక్క కిడ్నీల బొమ్మ మిగిలింది. అది మెట్టుగూడలోనే గీస్తానంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేను కోసి చూపించలేనిదేదో నీ దగ్గర ఉందనుకుంటాను. తిక్క పనులు చేయకు.

వసుధ


మెట్టుగూడ, సికింద్రాబాద్
11 ఫిబ్రవరి 2025

చెల్లె వసుధకు,

దేవానందం ఆరో తారీఖున సంతకం పెట్టాడు. రేపు ప్రాక్టికల్స్. పై నెల మొదటి వారం దాకా ప్రవేశ పరీక్షకు ఫారం నింపుకోవచ్చట. ఈసారి కల్పలతే నింపుకుంటుంది.

నాలుగో తారీఖున పిల్ల ఇంటికి రాగానే బ్యాగు కింద పెట్టి, "తాతా, నాయనమ్మ స్కాన్ ఫిల్ము ఏడుంది?" అంది. బీరువా మీద ఆసుపత్రి సంచిలో ఉంది. స్వర్ణలత పోయాక ఆ సంచి విప్పలేదు. పదకొండు నెలలు దాన్ని చంకలో పెట్టుకుని ఆ వరండాల్లో తిరిగినవాణ్ణి, కవరు లోంచి తీసి ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

"కిటికీకి పట్టుకో తాతా. కదలకు" అంది.

పట్టుకున్నాను. ఎండ దాని వెనక నుంచి పడింది. రెండు కిడ్నీలు కనిపించాయి. చిన్నవిగా, ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. పాఠ్యపుస్తకంలో వేసినట్టే. నాతో కాపురం చేసిన యాభై ఏళ్లూ మీ వదిన ఒంట్లో అట్లాగే ఉన్నాయి, నేను ముందు గదిలో కూర్చుని రెండింటినీ ఒకే లెవెల్‌కు తెచ్చాను.

అది చూసి గీస్తున్నది. దాని చెయ్యి ఇంకా వణుకుతుంది. గీత ఆగుతుంది, చూస్తుంది, మళ్లీ కదులుతుంది. నేను గీసేటప్పుడు ఎప్పుడూ అన్నిసార్లు తలెత్తలేదు. నోరూరుకోక, "సెంటర్ లైన్ వద్దా?" అన్నాను.

"వెన్నెముక ఉంది కద తాతా. అది సుత జెర వంకరనే."

నవ్వింది. నాకు భుజాలు పీకుతున్నాయి, కానీ ఫిల్ము దించలేదు. దించితే మాట్లాడలేనని, దాని వెనక ముఖం పెట్టుకునే చెప్పాను. "ఇంటర్ ఫారం మీద ఎంపీసీ రాసింది నేనే. మీ నాయన కాదు."

పెన్సిల్ ఆగలేదు. "ఎరుకనే. నీ అక్షరాలు నాకు తెల్వవా?"

"ఎప్పటి నుంచి?"

"ఫారం ఇచ్చిన్నాటి నుంచి. నువ్వు చెప్తవేమో అని చూసిన. కదలకు అన్న కద."

ఎనిమిదేళ్లు చూసింది వసుధా. నువ్వు యాభై రెండేళ్లు దాచావు, అది ఎనిమిదేళ్లు చూసింది. మీ ఇద్దరి మధ్య నేను రాత, తేదీ అంటూ తిరిగాను. ఆ రోజు ఫారం నింపేటప్పుడు నాకేమీ తెలియకుండా నింపలేదు. అది రైలు దిగి, "అమ్మమ్మ లెక్క అయిత" అన్నది. ఈ ఇంట్లో పెరిగిన పిల్ల నాలాగా అవుతానని ఒక్కనాడూ అనలేదు. కలం తీసి ఎంపీసీ అని రాశాను. నిలువు గీతలు నిటారుగానే వచ్చాయి.

1972లో గుమ్మంలో నిలబడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మ ముందర అన్నాను, అమ్మ లేదు కాబట్టి నీ ముందరే తీసుకుంటున్నాను. తేదీ పైన ఉంది. ఈ ఉత్తరం దాచుకో.

దీనితో నా అసూయ తీరిందనుకోకు. నిన్న అన్నం తింటూ అది మళ్లీ నీ మేక గుండె కథ ఎత్తింది. నాకు అన్నం దిగలేదు. నీ పెట్టెలో మిగిలిన ముప్పై తొమ్మిది పేజీలు పంపించు. ఉంచుకుంటానంటే ఉంచుకో, కానీ నువ్వు మళ్లీ గీసిన కప్ప ఎక్కడైనా ఉంటే ఒక్కసారి చూపించు. ఎట్లా గీశావో చూడాలి.

ఈ సాయంత్రం కల్పలత, "తాతా, రేపటికి పెన్సిళ్లు చెక్కి పెట్టు" అంది. నన్నే అడిగింది. నాలుగు చెక్కాను. చేతికున్న అలవాటు కొద్దీ నాలుగింటికీ ఉలిలాగా పలక మొన పెట్టాను, తిన్నని గీతకు ఆ మొనే కావాలి. బల్ల మీద వరసగా పేర్చి కాసేపు చూశాను. మళ్లీ బ్లేడు తీసుకుని నాలుగింటినీ గుండ్రంగా చెక్కాను.

ఈ సంగతి అది నీకు చెప్పకపోవచ్చు. దానికి మొనల సంగతి తెలియదు. ఫోన్‌లో చెబితే రేపు అనలేదంటావు. అందుకే రాసి పంపుతున్నాను.

నీ అన్న,
పర్వతాలు